కొంగల మాట విన్న నీరటి

"నాటెయ్యమన్నది నువ్వా కాదా? ముందు అది చెప్పు!"

"నేనే, ఆపా."

"మరి ఇప్పుడు నీళ్లకు అడ్డం నిలబడితే ఏమన్నట్టు? నా ఆముదం చేను జానెడెత్తు లేచి కళకళలాడుతుండె. నువ్వే వచ్చి నా వాకిట్ల నిలబడి 'ఆపా, దున్నెయ్యి, వరి పెట్టు, కొంగలు దిగినయి' అన్నవ్. దున్నిచ్చిన. ఇయ్యాల వరి పాలు పోసుకుంటాంది. ఇప్పుడు నీళ్లు లేవంటే నన్ను యాడ పడి సావుమంటవ్?"

"లేవంటలేను. జర ఆగుమంటున్న. పిల్లలకు రెక్కలొచ్చేదాక."

"ఎవల పిల్లలకు? నా పిల్లలకా, కొంగ పిల్లలకా?"

కాటమయ్య తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కట్ట అవతల వాలులో బీడీ తాగుతూ కూర్చున్న కొడుకు ఎల్లస్వామి చెవి ఇటే పెట్టాడు. నాయిన మాట మీద ఇంకొక మాట పడడం అతను వినడం అదే మొదలు. ఊళ్లో పెద్ద పెద్ద మోతుబరులే నీళ్ల దగ్గర కాటమయ్యతో వాదం పెట్టుకోరు. అట్లాంటిది ఆయన ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే అజీజా బేగం కొంగు నడుముకు చుట్టి, తూము రాళ్ల ఎదుట నిలబడి కడిగేస్తోంది. పైగా ఆమె అన్నదాంట్లో ఒక్క అబద్ధం కూడా లేదు. ఎల్లస్వామికి అదే మింగుడు పడలేదు.

"పది దినాలు ఆగు ఆపా."

"వరికి చెప్పు ఆ మాట. అది ఆగుతానంటే నేనూ ఆగుత."

ఆమె గట్టు దిగి వెళ్లిపోయింది. కాసేపటికి ఎల్లస్వామి కట్ట ఎక్కి చూశాడు. కాటమయ్య తూము రాళ్ల వైపు చూడడం లేదు. చెరువు మధ్యలో తుమ్మచెట్ల మీద తెల్లగా కిక్కిరిసి ఉన్న గూళ్లను చూస్తున్నాడు. చెట్ల కింద నీళ్లు మోకాలి లోతుకు దిగిపోయాయి.

ఎర్రగట్టుపల్లె సాగరు కాలువకు పై గడ్డన ఉన్న ఊరు. కాలువ నీళ్లు హాలియా దిక్కు పల్లానికి పోతూ కంటికి కనిపిస్తాయి గాని చేతికి అందవు. ఊరికి ఉన్నది ఒక్క చెరువే. ఆ చెరువుకు కాటమయ్య నీరటి. అంతకుముందు ఆయన తండ్రి పెద్దులు నీరటి. తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడడం, కట్టకు బుంగ పడితే పూడ్చడం నీరటి పని. దానికి కోతలప్పుడు ప్రతి రైతూ కళ్లంలో ఇన్ని మోపులు ఇస్తాడు. అది మేర. జీతం లేదు, సెలవు లేదు.

కాని అసలు పెద్దరికం అది కాదు. నాట్లకు ముందు ఊరంతా ఒక్క మాట కోసం కాటమయ్య ముఖం చూసేది. "కాటమయ్యా, ఈసారి ఎందాక పెట్టుకోవచ్చు?" అని. ఆయన చెరువులో దిగి, తూము రాళ్ల మీద నీళ్ల గీత చూసి, ఒక రోజు ఆగి మళ్లీ చూసి చెప్పేవాడు. "చింతమడి దాక" అంటే చింతమడి దాకే. "చివరి దాక" అంటే చివరి దాకా. ఆ గీత దాటి ఒక్కడు నారు పెట్టేవాడు కాదు. పెట్టినా నీళ్లు పారవు.

తూముకు మూడు కన్నాలు. ఒక్కో దాన్ని కన్ను అంటారు. పై కన్ను, నడిమి కన్ను, అడుగు కన్ను. నీళ్లు దిగుతున్న కొద్దీ ఒకదాని తర్వాత ఒకటి తీస్తారు. అడుగు కన్ను మాత్రం తీయరు. దాని కింద మిగిలే నీళ్లు పశువులకు, చేపలకు, చాకిరేవుకు. పెద్దులు తన బతుకులో ఒకే ఒక్కసారి తీశాడట. ఆ సంగతి ఆయన చెప్పేవాడు కాదు, ఎవరూ అడిగేవారు కాదు.

తుమ్మచెట్లు తర్వాత వచ్చాయి. ఎనభై దశకం మొదట్లో అటవీ శాఖ వాళ్లు చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, తుమ్మ మొక్కలు పెట్టించారు. ఒకప్పుడు అక్కడ అడవే ఉండేదట, కొట్టుకుని కాల్చుకున్నారు. ఆ మొక్కలకు కాపలా లతీఫ్. కూలి మీద పెట్టుకున్న మనిషి. మేకలను అదిలించడం ఒక్కటే అతని పని. ఎండాకాలం నీళ్లు పోయాలని ఎవరూ చెప్పలేదు. అయినా పోశాడు. చెరువు గుంతలోంచి ఒక కావడి లతీఫ్ మోస్తే ఇంకో కావడి కాటమయ్య మోసేవాడు.

"నీకేం వస్తది కాటమన్నా? నాకైతే సర్కారు కూలి ఇస్తాంది."

"నీళ్లు నావి గాబట్టి."

"ఓహో, చెరువు నీ పేరు మీద పట్టా అయిందా?"

"అయింది పో. నీకు కూడా రెండు గుంటలు రాసిస్త."

అట్లా పెరిగాయి చెట్లు. పెరిగి, చెరువు నిండినప్పుడు నడుము దాకా నీళ్లలో నిలబడడం నేర్చుకున్నాయి. ఒక వానాకాలం వాటి మీద కొంగలు దిగాయి. ఊరి కొంగలు కావు. మనిషి రొమ్ము దాకా ఉంటాయి. పసుపు పచ్చని పెద్ద ముక్కు, ఎర్రటి కాళ్లు, తోక దగ్గర రెక్కలకు ఎవరో గులాల్ చల్లినట్టు గులాబి రంగు. పచ్చి రెమ్మలు విరుచుకొచ్చి గూళ్లు కట్టాయి. వందలకొద్దీ ఉన్నా అరుపు లేదు, ముక్కుకు ముక్కు కొట్టుకునే టకటక తప్ప.

కాటమయ్య భార్య నర్సింగమ్మ మొదటిరోజే తేల్చేసింది. "పురిటికి తల్లిగారింటికి వచ్చినయి. ఆడిబిడ్డలు." ఇంటికి వచ్చిన ఆడబిడ్డకు ఒడిబియ్యం పోయకుండా ఎట్లా? బియ్యానికి పసుపు రాసి తెచ్చి కట్ట మీద చల్లింది. కాకులు, పిచ్చుకలు తినిపోయాయి.

"అవ్వా, కొంగలు బియ్యం తింటయా?" అని నవ్వాడు ఎల్లస్వామి.

"బిడ్డల పేరు మీద ఎవలు తింటే ఏందిరా. నువ్వు తింటలేవా?"

ఆ ఏడు చెరువు నిండి అలుగు దుంకింది. మరుసటి ఏడు కొంగలు వచ్చాయి, మళ్లీ అలుగు దుంకింది. మూడో ఏడు వానలు ఆలస్యమైనా, కొంగలు దిగిన తర్వాత హస్త కార్తెలో కుండపోతగా కురిసి నిండింది. దాంతో ఊళ్లో మాట పుట్టింది. కొంగలకు ఎరుక, నీళ్లు రాని చెరువులో అవి గూడు పెట్టవు అని. ఆ మాట ఎవరు పుట్టించారో గాని, దాన్ని మోసింది మాత్రం కాటమయ్యే. పక్క ఊళ్ల నీరట్లు వచ్చి అడిగేవారు, "మీ దగ్గర దిగినయా?" అని. హైదరాబాదు నుంచి ఆదివారాలు జీపులో పిట్టలు చూసేవాళ్లు వచ్చేవారు. మెడలో దుర్భిణీలు, నెత్తిన టోపీలు. వాళ్లలో అమరేందర్ అనే బ్యాంకు ఉద్యోగి ఒకాయన కాటమయ్యను "కాటమయ్య గారూ" అని పిలిచేవాడు. 'గారు' వినబడగానే కాటమయ్య నడుము ఇంత నిటారుగా అయ్యేది.

ఇక్కడే పాడయింది. రాళ్ల మీద గీత చూసి చెప్పే మనిషి చెట్ల మీద గూళ్లు చూసి చెప్పడం మొదలుపెట్టాడు. రెండేళ్లు చెల్లింది కూడా.

ఎల్లస్వామి అప్పటికి నల్లగొండలో డిగ్రీ రెండో ఏడు మధ్యలో వదిలేసి ఇంటికి వచ్చి ఉన్నాడు. క్లాసులో ఊపిరాడలేదు, అంతే. ఇంట్లోనూ ఆడలేదు, అది వేరే సంగతి. సైకిలు తొక్కుకుంటూ హాలియా పోవడం, రావడం, ఏ పనీ పదిరోజులు చేయకపోవడం. అందుకని నాయినను ఎగతాళి చేయడానికి తీరిక బాగా ఉండేది.

"రేడియోల వాతావరణం చెప్పేటోన్ని తీసేసి నిన్ను పెడతరట నాయినా."

"నవ్వు బిడ్డా నవ్వు. చదువుకున్నోనివి."

"చదువుకోలే. చదువు ఇడిసిపెట్టిన."

"అదే, ఇడిసిపెట్టినోని నవ్వు ఇంకా గట్టిగుంటది."

ఆ ఏడు, అంటే తొంభైల మొదట్లో, వానలు మోసం చేశాయి. మృగశిర తడిపింది, ఆ తర్వాత మబ్బు వచ్చి చూసి పోవడమే. చెరువులో నడిమి కన్నుకు కొంచెం పైదాకా నీళ్లు. రాళ్ల గీత చూస్తే చింతమడి దాకా కూడా కష్టమే. రైతులు నారుమళ్లు పోసి కాటమయ్య నోటి కోసం చూస్తున్నారు. చివరన మడి ఉన్న అజీజా బేగం ఆశ వదులుకుని ఆముదం వేసింది. భర్త లియాఖత్ అలీ పోయిన తర్వాత ఆ ఎకరం మీదే ఇద్దరు పిల్లలను సాకుతున్న మనిషి. ఆమెకు ఆశలతో ఆడుకునే తీరిక లేదు.

అప్పుడు కొంగలు వచ్చాయి. ఎప్పటికంటే ముందే వచ్చాయి. ఎప్పటికంటే ఎక్కువ వచ్చాయి. ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతుంది. చుట్టుపక్కల చెరువులన్నీ ఎండితే ఇక్కడ ఈ మాత్రమన్నా ఉన్నాయని వచ్చి ఉంటాయి. వాటికి తెలిసింది ఉన్న నీళ్ల సంగతే, వచ్చే నీళ్ల సంగతి కాదు. కాని పచ్చి రెమ్మలు విరుస్తున్న వాటిని కట్ట మీద నిలబడి చూస్తూ కాటమయ్యకు ఒళ్లు పులకరించింది.

"చివరి దాక పెట్టుకోండ్రి," అన్నాడు.

"రాళ్లు చూసినవా కాటమయ్యా?" అని రాములు అనే రైతు అడిగాడు.

"చూసిన. హస్తల వస్తది. ఆడిబిడ్డలు ఉత్తగనే వస్తరా?"

అంతటితో ఆగలేదు. ఆమె ఒక్కతే వెనకబడిపోతుందని జాలితో అజీజా బేగం ఇంటికి తనే నడిచి వెళ్లాడు. అడగకుండానే చెప్పాడు. ఆమె రెండు రోజులు ఆలోచించి, మొలిచిన ఆముదాన్ని దున్నించి నాటు పెట్టించింది. నీరటి చెప్పాక ఇంకేముంది?

హస్త వచ్చింది, ఎండ కాసి పోయింది. చిత్త వచ్చింది, గాలి వీచి పోయింది. పై కన్ను ఎప్పుడో గాలి పీల్చింది, నడిమి కన్ను ఎండింది. చివరి దాకా పచ్చగా పరుచుకున్న వరి ఇంకొక్క తడి, మహా అయితే రెండు తడులు అడుగుతోంది. గూళ్లలో పిల్లలు బొచ్చు వదిలి ఈకలు తొడుగుతున్నాయి. రెండిటికీ కావలసింది అవే నీళ్లు, అడుగు కన్ను కింద ఉన్నవి.

చెట్ల కింద నీళ్లుంటేనే గూళ్లకు దిక్కు. నీళ్లు పోతే కుక్కలు, నక్కలు చెట్ల మొదళ్లకు వస్తాయి. కింద పడిన పిల్లను వదలవు. తల్లులు బెదిరి లేచిపోతాయి. ఈ సంగతి లతీఫ్ కు తెలుసు, కాటమయ్యకు తెలుసు, అజీజా బేగానికీ తెలుసు. తెలియక ఎవరూ కొట్లాడలేదు.

తూము దగ్గర కొట్లాట జరిగిన తర్వాతి ఆదివారం జీపు వచ్చింది. అమరేందర్ చెట్లను చూసి పొంగిపోయాడు. ఈ చెరువును పక్షుల కేంద్రంగా చేయమని పైవాళ్లకు రాశామని, ఒక్క పదిహేను రోజులు నీళ్లు నిలబెడితే పిల్లలన్నీ ఎగిరిపోతాయని చెప్పాడు. చెడ్డమనిషి కాడు. అతని చేను ఎక్కడా ఎండడం లేదు, అంతే తేడా.

"చూస్తారా కాటమయ్య గారూ?" అని దుర్భిణీ తీసి ఇచ్చాడు.

ఇన్నేళ్లలో కాటమయ్య దాన్ని ఎప్పుడూ ముట్టలేదు. నాకు ఇక్కడ్నుంచే కనబడతయి సార్ అని నవ్వేవాడు. ఆ రోజు తీసుకున్నాడు. చాలాసేపు ఏమీ కనబడనట్టు అటూ ఇటూ తిప్పి, ఒకచోట ఆగిపోయాడు. ఎండ మండిపోతోంది. ఒక గూట్లో పెద్ద కొంగ రెండు రెక్కలూ గొడుగులా విప్పి పిల్లల మీద నీడ పట్టుకుని నిలబడింది. జత కొంగ చెరువులోంచి వచ్చి గూటి అంచున వాలింది. పిల్లలు నోళ్లు తెరిచాయి. అది చేప కక్కలేదు. ముక్కు వంచి నీళ్లు పోసింది. ధారగా, పిల్ల తర్వాత పిల్లకు, వంతులవారీగా. మళ్లీ లేచి నీళ్లకు పోయింది.

కాటమయ్య దుర్భిణీ దించి ఎల్లస్వామి వైపు తిరిగాడు. "చూసినవా? అది గూడ నీరటిదేరా."

ఎల్లస్వామికి ఎప్పటిలా ఒక మాట విసరాలనిపించింది. నాయిన ముఖం చూసి మింగేశాడు. నాయిన ఆ దుర్భిణీలో చూడకుండా ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు.

జీపు పోయాక ఊరి పడుచువాళ్లు నలుగురు వచ్చారు. రేపటిలోగా తీయకపోతే గడ్డపారతో తూము పగలగొడతామన్నారు. వాళ్లవైపు నిలబడి రాములు ఒక చురక వేశాడు. "ఏం కాటమయ్యా, ఈసారి మేర కొంగల దగ్గర తీసుకుంటవా?"

పగలగొడితే ఉన్న నీళ్లు ఒక్క పూటలో ఎటుపడితే అటు పోతాయి. ఎవరికీ దక్కవు. కాటమయ్య తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. "తూము మీద నా చెయ్యే పడాలె. రేపు పొద్దున వస్త."

వాళ్లు వెళ్లాక లతీఫ్ మిగిలాడు.

"కాటమన్నా, ఈ చెట్లకు కావడితోటి నీళ్లు పోసినవ్ నువ్వు."

"ఎరుకే."

"నేను ఆపాను బతిమిలాడనా? మావోల్ల మనిషి, నా మాట వింటదేమో."

"వద్దు. ఆమెది న్యాయం. ఆమెకు మాటిచ్చిన."

"మరి వీటికి?"

కాటమయ్య చెట్ల వైపు చూశాడు. "వానొస్తదని అవి నాకు చెప్పలే లతీఫూ. నేనే విన్న."

మరునాడు పొద్దున నర్సింగమ్మ కట్ట మైసమ్మ దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెట్ల వైపు చూడకుండా ఇంటికి వెళ్లిపోయింది. కాటమయ్య గోచీ బిగించి చెరువులో దిగాడు. బురద, ఆ తర్వాత నీళ్లు. తూము రాళ్ల మధ్య నిలువు గడె, దాని కొసన అడుగు కన్నుకు బిగించిన మొద్దు. ఏళ్లకేళ్లు నాని ఉబ్బి రాయిలో రాయి అయిపోయింది. లాగాడు, కదల్లేదు. మునిగి కుళ్లగించాడు, తేలాడు, మళ్లీ మునిగాడు. దగ్గుతున్నాడు. ఎల్లస్వామి చొక్కా విప్పి దిగి గడె మీద చెయ్యి వేశాడు.

"తియ్యి. చెయ్యి తియ్యి బిడ్డా."

"ఒక్కనివి కాదు నాయినా."

"ఎట్లన్న అయితది. ఈ గడె మీద నీ చెయ్యి వద్దు."

ఎల్లస్వామి పక్కనే నీళ్లలో నిలబడ్డాడు. ఎట్టకేలకు అడుగున ఏదో గొంతు తెరుచుకున్నట్టు చప్పుడైంది. కట్ట అవతల పంట కాలువలో నల్లటి నీళ్లు దుమికాయి. ఎన్నేళ్లదో ఆ బురద వాసన ఊరంతా కొట్టింది.

తర్వాత కాటమయ్య పార భుజాన వేసుకుని నీళ్ల ముందు నడిచాడు. కరువులో చివరి మడి ముందు. పెద్దులు నాటి పద్ధతి. దగ్గరి వాళ్లకు నీళ్లు ఎట్లాగైనా అందుతాయి, చివరి వాళ్లకే అందవు. మొదటి మడి రాములుది.

"ఏమయ్యా, నా ముంగటికెల్లి నీళ్లు పోతుంటే నేను గుడ్లప్పగిచ్చి చూడాల్నా?"

"చూడు. వెనుకకు వస్తయి."

"రాకపోతే?"

"నా మేర అంత నీకే వదిలేస్త. నడువు."

సాయంత్రం ఎండ వాలేసరికి నీళ్లు అజీజా బేగం మడికి చేరాయి. ఆమె గట్టు మీద పొద్దటి నుంచి కూర్చునే ఉంది. నెర్రెలిచ్చిన నేల బుసబుసమంటూ నీళ్లు తాగింది. ఆమె చెప్పులు విప్పి దిగి, మడిలో గొంతుక్కూర్చుని, నీళ్లలో అరచేయి ఆనించింది. లేచి, "పొద్దటి నుంచి ఏమన్న తిన్నవా కాటమన్నా?" అని అడిగింది.

ఆయన పారతో గట్టు కోస్తూ తల ఊపాడు. తిన్నానన్నట్టో లేదన్నట్టో ఎల్లస్వామికి అర్థం కాలేదు.

వరి బతికింది. సగం తాలు, సగం గింజ. అయినా గింజే.

చెట్ల కింద నీళ్లు మూడో నాటికి జారిపోయాయి. మొదట బురద, తర్వాత పెళుసు. కుక్కలు ముందు అంచుల్లో తిరిగాయి, ఆ తర్వాత ధైర్యం చేశాయి. లతీఫ్ కర్ర పట్టుకుని ఇటు తరిమితే అటు వచ్చేవి. పెద్ద కొంగలు మేతకు దూరం పోవలసి వచ్చి ఆలస్యంగా తిరిగొచ్చేవి. ఒక్కొక్కటి రావడం మానేసింది. ఒక పొద్దున ఏం బెదురు తగిలిందో, ఉన్నవన్నీ ఒకేసారి లేచాయి. చెరువు మీద రెండు చుట్లు తిరిగాయి. ఆ రెక్కల చప్పుడుకు ఊళ్లో జనం వాకిళ్లలోకి వచ్చారు. దక్షిణం దిక్కు పోయాయి.

పిల్లలు మిగిలిపోయాయి. ఇంకా నాలుగు రోజులుంటే ఎగిరేవేమో, అట్లాంటివి కూడా ఉన్నాయి. ఎగరబోయి కింద పడ్డాయి. కాటమయ్య, లతీఫ్ గంపలు పట్టుకుని ఏరారు. ఎల్లస్వామి చెట్లెక్కి దించాడు, తుమ్మముళ్లకు చేతులు చీరుకుపోయాయి. కాటమయ్య ఇంటి కొట్టం నిండా పిల్లలు. గరగరమని ఒకటే అరుపు, ఆకలి. నర్సింగమ్మ జొన్న గటక పెట్టింది, తినలేదు. బియ్యం పెట్టింది, ముట్టలేదు. అప్పుడు అజీజా బేగం కొంగులో మూట పట్టుకుని వచ్చింది. ఎండిపోతున్న చెరువు గుంతల్లో చేత్తో పట్టిన చిన్న చేపలు. నర్సింగమ్మ పక్కన కూర్చుని, ఒక్కొక్క పిల్ల ముక్కు రెండు వేళ్లతో తెరిచి, చేపను లోపలికి తోసింది.

"మింగవే తల్లీ, మింగు. నీ నోట్లకాడిది గుంజుకున్నదాన్ని నేనే."

"నీ తప్పేంది అజీజా," అంది నర్సింగమ్మ.

"తప్పని ఎవలన్నరక్కా. ఉన్నది చెప్తున్న."

కాటమయ్య మాత్రం ఒక చెంబుతో నీళ్లు తెచ్చి, ముక్కుల్లో ధారగా పోయబోయాడు. కొన్ని తాగాయి. కొన్నిటికి పొలమారింది. మనిషి చెయ్యి ముక్కు కాదు గదా. ఒకటి తర్వాత ఒకటి మెడలు వాల్చేశాయి. లతీఫ్ తుమ్మచెట్ల మధ్య గుంతలు తవ్వి పూడ్చాడు. తవ్వుతూ ఏడ్చాడు. ఏడుస్తూ కుక్కలను తిట్టాడు, సర్కారును తిట్టాడు, మబ్బును తిట్టాడు. పక్కనే ఉన్న కాటమయ్యను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆయనకు కొంచెం తేలికయ్యేది.

కోతలయ్యాక అజీజా బేగం మేర తెచ్చి ఇచ్చింది. తీసుకోకపోతే ఆమెను తప్పుబట్టినట్టవుతుందని కాటమయ్య తీసుకున్నాడు. ఆ బియ్యం వండిన రోజు తిన్నాడు కూడా. "మంచిగనే ఉన్నయి," అన్నాడు.

మరుసటి ఏడు వానలు విరగబడి కురిశాయి. చెరువు నిండింది, అలుగు దుంకింది, తుమ్మచెట్లు నడుములోతు నీళ్లలో నిలబడ్డాయి. కొంగలు రాలేదు. ఊరివాళ్లు ఎప్పటిలాగే వచ్చి "ఎందాక పెట్టుకోవచ్చు" అని అడిగారు. కాటమయ్య రాళ్లు చూసి చెప్పాడు. సరిగ్గానే చెప్పాడు. కొంగల ఊసు ఎవరూ ఎత్తలేదు, ఆయన మనసు నొప్పించొద్దని. ఊరు అంత మంచిగా ఉండడమే ఆయనకు తట్టుకోలేనిదైంది. చివరకు రాములు కూడా చురకలు మానేశాడు.

జీపు ఒకసారి వచ్చింది. ఖాళీ చెట్లు చూసి అమరేందర్, "ఏమైంది కాటమయ్య గారూ, ఎందుకు రాలేదు?" అని అడిగాడు.

"నేనే పంపిన సార్."

అమరేందర్ ఏమనుకున్నాడో, తలాడించి దుర్భిణీ పెట్టెలో పెట్టుకున్నాడు. పాలమూరు దిక్కు, కృష్ణ ఒడ్డు ఊళ్లలో కొంగలు కనబడ్డాయని ఎవరో రాశారని, అవి ఇవేనో కావో చెప్పలేమని అన్నాడు. పక్షుల కేంద్రం కోసం పైవాళ్లకు రాసింది ఏమైందో ఎవరికీ తెలియదు. ఆ తర్వాత జీపు రాలేదు.

ప్రతి వానాకాలం కాటమయ్య కట్ట మీదికి పోయి కూర్చునేవాడు. పొద్దున్నే కూర్చుంటే ఎండెక్కే దాకా. నర్సింగమ్మ అన్నం మూట పట్టుకుని వెళ్లి, పక్కన కూర్చుని, తిట్టి, తినిపించి వచ్చేది. పసుపు బియ్యం చల్లడం మాత్రం మానేసింది. రాని బిడ్డల పేరు ఎత్తితే ఉన్న మనిషి కూలిపోతాడని ఆమె భయం. ఆ బురద నీళ్లలో మునిగిన నాటి దగ్గు ఆయనను వదల్లేదు. దగ్గు ముదిరి దమ్మయింది. హాలియాలో డాక్టరు సూదులు వేశాడు, నల్లగొండ దవాఖానలో మందు బుడ్డీలు రాసిచ్చారు. తూము గడె ఎత్తే బలం పోయింది. ఎల్లస్వామి ఎత్తేవాడు, ఆయన ఒడ్డున కూర్చుని ఇంకొంచెం, చాలు, ఇంకొంచెం అని చెప్పేవాడు.

ఎల్లస్వామికి ఊళ్లో కాళ్లు నిలవలేదు. ఆత్మకూరు, కర్నూలు దిక్కు తిరిగే ఒక లారీ మీద క్లీనరుగా పని కుదిరింది. ముందు క్లీనరు, తర్వాత డ్రైవరు అన్నారు. వెళ్లే రోజు మధ్యాహ్నం సంచి సర్దుకుని, నాయిన మంచం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు. తూము ఎవడు ఎత్తాలె అని అడుగుతాడనుకున్నాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు.

కాటమయ్య లేచి కూర్చోవడానికే కొంతసేపు పట్టింది. ఊపిరి కూడగట్టుకున్నాడు.

"లారీ కృష్ణ ఒడ్డు పొంటి పోతదా?"

"పోతది నాయినా."

"చెరువులు కనబడతయా తొవ్వల?"

"శానా."

"ఏ చెర్లనన్న అవి కనబడితే, లారీ జర ఆపుమను. ఎవల్నన్న అడుగు, ఆ చెరువు నీరటి ఎవలని. ఇల్లు తెలుసుకోని పో. పోయి ఒక్క మాట చెప్పు. నీళ్లను చూసి నాటు చెప్పుమను. పిట్టలను చూసి చెప్పొద్దను." ఊపిరి అందక ఆగాడు. ఎల్లస్వామి వీపు రాయబోతే చెయ్యి పక్కకు తోసి, మళ్లీ అందుకున్నాడు. "నా పేరు చెప్పకు బిడ్డా. ఎవలో పెద్దమనిషి చెప్పుమన్నడు అను. చెప్తవా?"